వారం వారం వచ్చిన వీరులు



ఆర్మూర్ అనగానే ఎవరికైనా పసుపు గుర్తుకొస్తుంది. తర్వాత సిద్ధుల గుట్ట, ఆ తర్వాత పక్కనే ఉన్న అంకాపూర్, అక్కడి దేశీ కోడి కూర. ఈ రోజు నేను చెప్పబోయేది 1980ల ఆర్మూర్ గురించి, అందులోనూ బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణం ముందు గుమిగూడిన పిల్లల గురించి. ఆ వారం వచ్చిన బొమ్మల కథ మీద వాళ్లు గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లు. ఆ గుంపులో నేనూ ఉండేవాణ్ణి. ఫాంటమ్ గొప్పవాడా, మాండ్రేక్ గొప్పవాడా, మన బహదూర్ ఈ ఇద్దరికీ తీసిపోతాడా? మాకు అంతకంటే పెద్ద సమస్య లోకంలో ఉండేది కాదు.

ఆ పుస్తకాల పేరు ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా నడిపే బెనెట్ కోల్‌మన్ కంపెనీ 1964 మార్చిలో వీటిని మొదలుపెట్టింది. మొదటి సంచిక ఫాంటమ్ బెల్టు కథ. తొలినాళ్లలో నెలకొకటి వచ్చేది, తర్వాత పదిహేను రోజులకొకటి అయింది, 1980ల మొదట్లో వారానికొకటి అయింది. మా తరం సరిగ్గా ఆ వారాల్లో పెరిగింది. 1990లో ఆగిపోయేనాటికి ఇంగ్లీషులో 800 పైచిలుకు సంచికలు వచ్చాయి. హిందీలోనూ మరాఠీలోనూ ఇంకా కొన్ని భాషల్లోనూ వచ్చేవి. మా దుకాణానికి ఎక్కువగా వచ్చింది హిందీ ప్రతి. హిందీలో ఫాంటమ్ పేరు వేతాళ్. మాకు చందమామ బేతాళుడు అప్పటికే తెలుసు కాబట్టి, ఈ వేతాళుడు చెట్టు మీంచి ఎందుకు దిగాడా అని చిన్నపిల్లలు కాస్త తికమకపడేవాళ్లు.

మాండ్రేక్, ఫాంటమ్ ఇద్దర్నీ సృష్టించింది ఒకే మనిషి, లీ ఫాక్ అనే అమెరికన్. 1934లో ఇంద్రజాలికుడు మాండ్రేక్ వచ్చాడు, 1936లో ఫాంటమ్ వచ్చాడు. సూపర్‌మ్యాన్ 1938లోనూ, బ్యాట్‌మ్యాన్ 1939లోనూ వచ్చారు. అంటే ఒంటికి అతుక్కున్న దుస్తులు వేసుకుని, కళ్లకు ముసుగు పెట్టుకుని దుష్టుల వెంటపడే వీరుడిగా ఫాంటమ్ వాళ్లిద్దరికంటే ముందువాడు. పైగా అతనికి ఎగరడం రాదు, గుండు తగిలితే చచ్చిపోతాడు. చావులేనివాడని అడవి జనం నమ్మడమే అతని బలం. 1536లో సముద్రపు దొంగల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న ఒక యువకుడు పుర్రె మీద ప్రమాణం చేసి మొదటి ఫాంటమ్ అయ్యాడు. అప్పటినుంచి తండ్రి పోతే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడు. కథలో మనం చూసేవాడు 21వ ఫాంటమ్.

ఈ లెక్క మీద మా దగ్గర పెద్ద గొడవే జరిగింది. మాలో ఒకడు అడ్తిదారు కొడుకు. వాళ్ల నాన్న దుకాణంలో పసుపు తూకాల లెక్కలు చూసి చూసి వాడికి అంకెలంటే ప్రాణం. ఒక పాత తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్కల చీటీ, వెనక్కి తిప్పి పెన్సిలుతో గీశాడు. 1536 నుంచి 1936 దాకా 400 ఏళ్లు. ఆ లోపల 20 మంది పోయారు. ఒక్కొక్కడికి సగటున ఇరవయ్యేళ్ల కొలువు.

"అంటే ఒక్కడు గూడ ముసలోడు కాలేదు రా" అన్నాడు వాడు. "అందరు వయసులనే సచ్చిపోయిన్రు."

ఆ మాటకు కాసేపు ఎవరం మాట్లాడలేదు. పుస్తకంలో ఎక్కడా ఆ ముక్క రాసి లేదు. ఫాంటమ్ ఎప్పుడూ కండలు తిరిగి, నవ్వుతూ, హీరో అనే తెల్ల గుర్రం మీద, పక్కన డెవిల్ అనే తోడేలుతో కనపడేవాడు. ఆ నవ్వు వెనక ఇరవై సమాధులున్నాయని మాకు చెప్పింది ఒక తక్‌పట్టీ కాగితం. ఆ తర్వాత ఆ సమాధులుండే పుర్రె గుహ బొమ్మ వచ్చిన ప్రతిసారీ మేం పేజీ తొందరగా తిప్పలేదు. ప్రేయసి డయానాతో ఫాంటమ్ పెళ్లి, తర్వాత కవల పిల్లలు పుట్టడం, వీటిని కూడా మేం ఇంటి విషయాల్లాగే చర్చించుకున్నాం. పిల్లలు పుట్టారంటే ఈయన కొలువు ముగింపుకొచ్చినట్టేనా అని ఒకడు, ఇద్దరు పుట్టారు కదా, కూతురికి ముసుగు ఇస్తే ఏమవుతుందని ఇంకొకడు. ఆ రెండో ప్రశ్న వేసినవాడు దాన్ని మా పక్కింటి అమ్మాయి దగ్గర విని వచ్చాడు. ఆ అమ్మాయికి బస్టాండు దాకా వచ్చి మాతో నిలబడే వీలు ఉండేది కాదు. పుస్తకం మాత్రం మా అందరికంటే ముందు తనే చదివేసేది, తమ్ముడిని పంపి అద్దెకు తెప్పించుకుని.

అవును, అద్దెకే. కొత్త పుస్తకం కొనే స్తోమత మాలో ఒకరిద్దరికే ఉండేది. దుకాణదారు కొత్త సంచికను తాడు మీద బట్టల క్లిప్పుతో వేలాడదీసేవాడు, పాతవి గంపలో పోసేవాడు. చారానా ఇస్తే అక్కడే బల్ల మీద కూర్చుని ఒకటి చదువుకోవచ్చు. ఒకడు చారానా ఇస్తే ముగ్గురం చదివేవాళ్లం. పుస్తకం పట్టుకున్నవాడు మధ్యలో, చెరో పక్కన ఒకడు. హిందీ బాగా వచ్చినవాడు పైకి చదవాలి, తెలుగులో అర్థం చెప్పాలి. పేజీ ఎప్పుడు తిప్పాలో ముగ్గురూ ఒప్పుకోవాలి. బొమ్మలో కుడి చేతి ఉంగరమా, ఎడమ చేతి ఉంగరమా అని చూడాలి కదా! పుర్రె గుర్తున్న ఉంగరం కుడి చేతిది, దుర్మార్గుడి దవడ మీద పడేది. స్నేహితులకు రక్షణగా ఇచ్చే గుర్తు ఎడమ చేతిది. గీసినవాడు ఎక్కడైనా చెయ్యి మార్చేశాడేమోనని మేం ప్రతి బొమ్మనూ పట్టి పట్టి చూసేవాళ్లం.

పసుపు సీజను వస్తే ఈ చదువులు కల్లాల్లోకి మారేవి. మా వైపు పసుపు జూన్‌లో పెడతారు, సంక్రాంతి దాటాక తవ్వడం మొదలవుతుంది. తవ్విన కొమ్మును కడాయిలో ఉడకబెట్టి కల్లంలో పరుస్తారు. గలగల శబ్దం వచ్చేదాకా రెండు వారాలకు పైగా ఎండాలి. అన్ని రోజులూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి, మబ్బు కనిపిస్తే కుప్ప చేసి పట్టా కప్పాలి. ఆ కాపలాకు పిల్లలనే కూర్చోబెట్టేవాళ్లు. ఒక చేత్తో కొమ్ములు తిరగేస్తూ ఇంకో చేత్తో ఇంద్రజాల్ తిరగేస్తే ఏమవుతుంది? ప్రతి పేజీ మూల మీదా పచ్చటి బొటనవేలి ముద్ర. ఒకసారి అద్దె పుస్తకం మీద మరక పడిందని మావాడొకడు తడిగుడ్డకు సబ్బు రాసి రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆ క్షణంలో వాడికి తోచలేదు. ఫాంటమ్ ఛాతీ మీద ఎర్రటి మచ్చ తేలింది. మర్నాడు అదే పుస్తకం చదివిన చిన్నపిల్లాడు, ఇక్కడ గుండు తగిలింది కదా, తర్వాత పేజీలో ఎట్లా లేచాడని దుకాణం ముందు అందరినీ నిలదీశాడు. దాని మీద ఒక పూటంతా చర్చ జరిగింది.

మా ఊరి పసుపు నిజామాబాద్ యార్డుకు పోయేది, మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీకీ పోయేది. సాంగ్లీకి లారీతో పోయిన మామయ్యలు, చిన్నాన్నలు సరుకు అమ్ముడయ్యేదాకా అక్కడే ఉండాలి. వచ్చేటప్పుడు పిల్లలకు ఏదో ఒకటి తేవాలి. అట్లా మరాఠీ ఇంద్రజాల్‌లు ఆర్మూర్ చేరాయి. మరాఠీ మాకు అర్థమయ్యేది అంతంతమాత్రం. అయినా బొమ్మలున్నాయి, దేవనాగరి లిపి బళ్లో హిందీతో నేర్చుకున్నదే. మా దుకాణానికి ఇంకా రాని కథ సాంగ్లీ లారీలో ముందే వచ్చిందంటే ఆ పిల్లాడు ఆ వారానికి రాజు. వాడు కథ చెప్పకూడదు, కానీ తనకు తెలుసన్న సంగతి అందరికీ తెలియాలి. ఆ అవస్థను నేను కళ్లారా చూశాను.

సిద్ధుల గుట్ట గురించి ఒక్క మాట. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే ఆ గుట్టలో, బండల సందుల్లోంచి వంగి వంగి పోతే గుహలో నవనాథ సిద్ధేశ్వరుడి గుడి వస్తుంది. పుర్రె గుహ ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి మాకు అంతకంటే ఏం కావాలి? దండం పెట్టుకున్నాక బయటి బండల మీద ఎవరు ఫాంటమ్, ఎవరు అతని నేస్తం గురన్ అని పంచుకునేవాళ్లం. బహదూర్ ఎవరన్న దానికి మాత్రం పోటీ ఉండేది.

బహదూర్‌ను 1976లో ఆబిద్ సుర్తీ సృష్టించారు, గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలు వేశారు. కాషాయ రంగు కుర్తా, కింద జీన్సు ప్యాంటు. చంబల్ బందిపోట్ల నుంచి ఊళ్లను కాపాడటం అతని పని. ఒంటరిగా అన్నీ చక్కబెట్టడు. ఊరివాళ్లనే కూడగట్టి నాగరిక్ సురక్షా దళ్ అని ఒకటి నిలబెడతాడు. ఫాంటమ్‌ను చూసి భయపడాలి, బహదూర్‌తో కలిసి నడవాలి. ఈ తేడా అప్పట్లో ఈ మాటల్లో చెప్పలేకపోయినా మా అందరికీ తెలుసు. గుట్ట మీద ఆటలో ఫాంటమ్ ఒక్కడే ఉండేవాడు, బహదూర్ పక్షాన మిగతా అందరూ ఉండేవాళ్లు.

ఇంతా చెప్పి చందమామను వదిలేస్తే నన్ను నేనే క్షమించుకోలేను. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామలో, 1954లో తోకచుక్కతో మొదలై 1978లో వచ్చిన భల్లూక మాంత్రికుడి దాకా దాసరి సుబ్రహ్మణ్యం గారు సీరియళ్లు రాశారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. చిత్రా గారి బొమ్మల్లో మొసలి తలల మనుషులు, ఏనుగంతటి పక్షులు. అవి కామిక్స్ కావు, కథకు పక్కన బొమ్మ మాత్రమే. అయినా ప్రతి నెలా వీరుడు ఏదో ఒక లోయ అంచున వేలాడుతుండగా "ఇంకా ఉంది" అని ఆగేది. ఆ నెల రోజులూ ఇంట్లో ఎవరి ఊహ వాళ్లది. మా అమ్మమ్మ సైతం పందెం కాసేది. సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. దేశంలో లక్షల మంది పిల్లల్ని నిద్రపోనివ్వని మనిషి ఎవరో చాలామందికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2010లో ఆయన పోయాక, పెద్దవాళ్లయిన అభిమానులు ఆ పాత సంచికల్ని వెతికి పట్టుకుని ఒకరికొకరు చూపించుకున్నారు. ఏ సీరియల్ గొప్పదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే శిథిలాలయం.

నేను ఇన్నేళ్లుగా ఆలోచించి తేల్చుకున్నది ఒకటుంది. వీరుడి కథను రచయిత సగమే రాస్తాడు. ఒక సంచికకూ ఇంకో సంచికకూ మధ్య ఉన్న రోజుల్లో చదివినవాళ్లు మిగతా సగం అల్లుకుంటారు. ఆ తక్‌పట్టీ లెక్క, ఆ ఎర్ర మచ్చ, కూతురికి ముసుగు ఇస్తే ఏమవుతుందన్న ఆ ప్రశ్న, ఇవన్నీ ఆ సగంలోవే. అందుకే వారం వ్యవధి అంత విలువైనది. అమెరికాలో ఇప్పటికీ కొత్త కామిక్స్ బుధవారం వస్తాయి. అభిమానులు ఆ రోజు దుకాణానికి పోయి తమ కోసం పక్కన పెట్టించుకున్న కట్ట తీసుకుంటారు, కౌంటరు దగ్గరే నిలబడి మాట్లాడుకుంటారు. మన నిజామాబాద్, ఆర్మూర్ పిల్లలు ఎందరో చదువుల కోసం, ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లారు. వాళ్లలో కొందరు ఈ బుధవారాల సంగతులు ఫోన్లో నాకు చెబుతుంటారు. వింటుంటే దుకాణం మారింది తప్ప వాదనలో ఏ మార్పూ లేదనిపిస్తుంది.

ఇక్కడ పరిస్థితి వేరు. వీరులకు కొదవ లేదు. 2023 జూన్ 1న ఒక స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ సినిమా తెలుగులో కూడా విడుదలైంది, అందులో పవిత్ర్ ప్రభాకర్ అనే భారతీయ స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు. ఆ పాత్ర పుట్టింది 2004 నాటి కామిక్స్‌లో. 2024 సంక్రాంతికి హను-మాన్ వచ్చింది. అంజనాద్రి అనే పల్లెలో పుట్టిన తెలుగు సూపర్ హీరోను మా ఊళ్లో పిల్లలు రెండు మూడుసార్లు చూశారు. హైదరాబాదులో 2013 నుంచి కామిక్ కాన్ జరుగుతోంది, వేషాలు కట్టి మరీ వెళ్తున్నారు. ఇదంతా నాకు ఆనందమే. కానీ సినిమా వచ్చి వెళ్లాక తర్వాతి భాగానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మాట కథ మీద నిలవదు, వసూళ్ల మీదికి పోతుంది. పదేళ్ల పిల్లాడు కోట్ల లెక్కలు చెబుతుంటే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. వాడి వయసులో మేమూ లెక్కలు వేశాం, కానీ ఆ లెక్క ఫాంటమ్‌లు ఎన్నేళ్లు బతికారని.

మేం చదివింది హిందీలో, కొట్లాడుకుంది తెలుగులో. మా పిల్లలు చదివేది ఇంగ్లీషులో. తెలుగులో వారం వారం ఒక పదహారు పేజీలు, రంగుల్లో, మన వీరుడితో, "ఇంకా ఉంది" అని ఆగే ఒక కథ బస్టాండుల్లో, బడుల్లో దొరికితే ఎంత బాగుంటుంది! గీసేవాళ్లు మనకున్నారు. ఈ జిల్లాలోనే బడి గోడల మీద అద్భుతంగా బొమ్మలు వేసే పిల్లల్ని చూశాను. శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఒక్క బీరువా కామిక్స్‌కు ఇవ్వండి, శనివారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి. నిశ్శబ్దం పాటించమన్న బోర్డును ఆ ఒక్క పూట తిప్పి పెట్టండి. ఈ కోరిక నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇక చివరగా, ఈ ప్రసంగం చేయబోతున్నానని తెలిసి మా వీధి పిల్లలు ఒక ప్రశ్న వేశారు. ఇంద్రజాల్ చివరి రోజుల్లో హిందీ రాజ్ కామిక్స్ మా దుకాణాన్ని ఆక్రమించాయి. 1986లో నాగరాజ్, 1987లో సూపర్ కమాండో ధ్రువ. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప, తేల్చి చెప్పాల్సిందేనన్నారు. మా రోజుల్లో ఈ ప్రశ్న మీద స్నేహాలు విడిపోయేవి.

"నాగరాజ్ ఒంట్లె వేల పాములుంటయి రా. ధ్రువకు ఏముంది?" అనేవాడు ఒకడు.

"బండి ఉంది, బుర్ర ఉంది" అనేవాడు ఇంకొకడు.

నాది రెండోవాడి పక్షం, అప్పుడూ ఇప్పుడూ. అనుపమ్ సిన్హా సృష్టించిన ధ్రువ సర్కస్‌లో పుట్టినవాడు. మంటల్లో తల్లిదండ్రుల్నీ, ఆ సర్కస్‌నూ పోగొట్టుకున్నాడు. మానవాతీత శక్తులేవీ లేవు. ఒడుపు తెలుసు, జంతువుల భాష తెలుసు, సైన్సు తెలుసు. ఆపదలో పడితే చుట్టూ ఉన్న వస్తువుల్లోంచే ఉపాయం వెతుక్కుంటాడు, ఆ ఉపాయం ఎట్లా పనిచేసిందో కథలోనే మనకు చెబుతాడు. ముఖానికి ముసుగు కూడా వేసుకోడు. 2024 అక్టోబరులో స్కాట్ స్నైడర్, నిక్ డ్రాగోటా ఒక కొత్త బ్యాట్‌మ్యాన్‌ను తెచ్చారు. ఆ కథలో బ్రూస్ వేన్‌కు కోట్లు లేవు, భవంతి లేదు, సేవకుడు లేడు. అతను ఇంజనీరు, తండ్రి బడిపంతులు. ఈ మార్పు అమెరికా అభిమానులకు కొత్తగా, గొప్పగా తోచింది. అక్కడున్న మా ఆర్మూర్ అబ్బాయి ఉబ్బితబ్బిబ్బై ఆ కథంతా నాకు చెప్పాడు. విని నేను, ఇట్లాంటివాణ్ణి మేం 1987లోనే చదివాం బాబూ అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ధ్రువకు అంత కోపం లేదు మామా, ఈ బ్యాట్‌మ్యాన్ కోపమే వేరు అన్నాడు. ఆ పాయింటు నిజమే. దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. ధ్రువ తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకున్నవాళ్లను వెతుక్కుంటూ పోయే ఆ మొదటి కథ, ప్రతిశోధ్ కీ జ్వాలా, వాడు చదవలేదు. ఆ పాత ప్రతి కోసం ఇప్పుడు వెతుకుతున్నాను. దొరగ్గానే పంపిస్తాను. చదివాక మళ్లీ మాట్లాడుకుంటాం.